వంటగట్టు ఎక్కే పిల్లికూన: అలవాటు వెనుక ఉన్న శాస్త్రం

పిల్లి శాపాలకు ఉట్లు తెగిపడవని సామెత. చేతగాని కోపాన్ని ఎత్తిపొడవడానికి దీన్ని వాడుతుంటాం. కాని ఈ సామెతలో పిల్లి కంటే ఉట్టినే ఎక్కువగా గమనించాలి. పాలు, పెరుగు, వెన్న ఉన్న కుండలను దూలానికి వేలాడదీసిన మన పెద్దలు పిల్లికి నీతులు బోధించబోలేదు. దానికి అందని చోటు కల్పించి ఊరుకున్నారు. అమెరికాలోని మన ఇళ్ళలో దూలాలూ లేవు, ఉట్లూ లేవు. నేల నుంచి 36 అంగుళాల ఎత్తున వంటగట్టు, సుమారు 30 అంగుళాల ఎత్తున భోజనాల బల్ల ఉన్నాయి. నాలుగైదు నెలల పిల్లికూనకు ఆ రెండూ ఒక్క గెంతు దూరం.

పిల్లలు ముచ్చటపడి అడిగితే తెచ్చుకున్న కూన, కొన్ని వారాలు తిరిగేసరికి అన్నం గిన్నె పక్కన కూర్చుని ఉంటుంది. ఆ ఇంట్లో గర్భవతి ఉన్నా, మడి పాటించే అమ్మమ్మగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నా, పిల్లిని ఉంచుకోవాలా, ఎవరికైనా ఇచ్చివేయాలా అన్న చర్చ మొదలవుతుంది. ఈ భయంలో వాస్తవం పాలు ఎంత? ఆ అలవాటును నిజంగా మార్చవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎందుకు ఎక్కుతుంది?

ఇంటిపిల్లికి పూర్వీకురాలు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 సంవత్సరాల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం బయటపడింది. అంత పాత స్నేహమైనా, కుక్కను మలచినట్టుగా మనిషి పిల్లిని మలచలేదు. అది ఒంటరిగా వేటాడే జంతువు. తనకంటే పెద్ద జంతువులకు తానే ఆహారం కాగల జంతువు కూడా. అటువంటి ప్రాణికి ఎత్తైన చోటు అంటే అటు కాపలా మంచె, ఇటు కోట.

రెండవ కారణం వెచ్చదనం. పిల్లి శరీరం అదనపు శక్తి ఖర్చు చేయకుండా హాయిగా ఉండగలిగేది 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య. మన ఇళ్ళలో థర్మోస్టాట్ 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనకు సుఖంగా ఉన్న గది దానికి చల్లగా తోస్తుంది కనుక రిఫ్రిజిరేటర్ పైభాగాన్ని, ఇప్పుడే ఆర్పిన పొయ్యి పక్కను వెదుక్కుంటుంది. మూడవది ఆహారపు వాసన. నాలుగవది, మనం సులభంగా మరచిపోయేది, మన దృష్టి. రోజంతా ఒంటరిగా ఉన్న కూనకు సాయంత్రం ఇంటికి వచ్చిన యజమాని “దిగు, దిగు” అంటూ పరుగెత్తి రావడం కూడా ఒక ఆటే.

భయం ఎంత, వాస్తవం ఎంత?

గర్భవతుల విషయంలో వినిపించే పేరు టాక్సోప్లాస్మా. ఈ పరాన్నజీవిని 1908లో గుర్తించారు. దాని జీవితచక్రంలో పిల్లి పాత్ర 1970 ప్రాంతంలో గాని స్పష్టం కాలేదు. పచ్చిమాంసమో, ఎలుకనో తిని మొదటిసారి సోకినప్పుడు పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు దీని గుడ్లవంటి రూపాలను మలంలో విసర్జిస్తుంది. అవి బయట ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తే గాని మనిషికి సోకే స్థితికి రావు. కనుక మలపు పెట్టెను ప్రతిరోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భవతి కాక ఇంట్లో మరొకరు చేయాలి. బయటికి వెళ్ళకుండా తయారుచేసిన ఆహారమే తినే పిల్లి వల్ల ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు అంతకంటే ఎక్కువ జాగ్రత్త పడవలసినవి. గర్భం వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లిని ఇంటి నుంచి పంపవలసిన అవసరం లేదు.

అలాగని గట్టు మీద పిల్లి పాదాలు నిరపాయం అనలేము. మలపు పెట్టెలో తిరిగిన కాళ్ళతో సాల్మొనెల్లా వంటి బాక్టీరియా రావచ్చు. వంటకు ముందు గట్టును సబ్బునీటితో తుడవడం, కూరలు తరిగే పలకను విడిగా దాచుకోవడం చాలు.

నిజానికి గట్టు మీద మనకంటే పిల్లికే ప్రమాదం ఎక్కువ. వేడి పొయ్యి మీద అరికాళ్ళు కాలుతాయి. మన వంటకు ప్రాణమైన ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను ఛిద్రం చేసి రక్తహీనత కలిగిస్తాయి. పచ్చివే కాదు, కూరలో ఉడికినవీ, పొడి రూపంలో ఉన్నవీ అంతే. తలనొప్పికి వేసుకుందామని బల్ల మీద ఉంచిన పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ఆ మందును నిర్వీర్యం చేసే యంత్రాంగం మన కాలేయంలో ఉన్నట్టు దాని కాలేయంలో లేదు. పూలకుండీలోని లిల్లీ ఆకులు, పుప్పొడి సైతం మూత్రపిండాలను పాడుచేస్తాయి. పూలమాల కట్టి వదిలేసిన దారం మింగితే పేగులు మడతలుపడి చీరుకుపోతాయి. ఈ అలవాటును మాన్పించడానికి శుభ్రత కంటే ఇవే పెద్ద కారణాలు.

శిక్ష ఎందుకు పనికిరాదు?

జంతువులు ఎలా నేర్చుకుంటాయన్న ప్రశ్నకు తొలి ప్రయోగాత్మక సమాధానం పిల్లుల నుంచే వచ్చింది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన పరిశోధనలో ఆకలిగొన్న పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, బయట ఆహారం పెట్టాడు. లోపల ఒక మీటనో, తాడునో కదిపితే తలుపు తెరుచుకుంటుంది. మొదట పిల్లి గోకి, కొరికి, పొర్లి, యాదృచ్ఛికంగా బయటపడేది. ప్రయత్నాలు పెరిగిన కొద్దీ పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. మేలు కలిగించిన చేష్ట నిలుస్తుందని, కలిగించనిది రాలిపోతుందని అతడు సూత్రీకరించాడు.

ఈ సూత్రాన్ని నీళ్ళు చిమ్మే సీసాకు అన్వయించి చూడండి. పిల్లికి నీళ్ళు పడేది మనం ఉన్నప్పుడే. కనుక అది నేర్చుకునే పాఠం “గట్టు ఎక్కకూడదు” అని కాదు, “ఈ మనిషి ఉన్నప్పుడు ఎక్కకూడదు” అని. అర్ధరాత్రి గట్టు దానిదే. పైగా భయం మన చేతులతో ముడిపడుతుంది. కొట్టబోయిన చేతిని కూన కరుస్తుంది. పిల్లి కోరలు సూదుల్లా లోతుగా దిగుతాయి. వాటితో చేరే పాస్చురెల్లా అనే బాక్టీరియా 24 గంటలలోపే చేతిని వాపెక్కించగలదు. పిల్లి కాటుకు చెయ్యి ఎర్రబారితే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వైద్యునికి చూపించాలి.

గోళ్ళు తీయించే శస్త్రచికిత్స గురించి కొందరు అడుగుతారు. అది గోరు కత్తిరించడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకను తొలగించడం. బ్రిటన్‌లో అది నిషిద్ధం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. దానివల్ల గెంతడం ఆగదు కూడా.

నేర్పే పద్ధతి

మొదటి పని, గట్టు మీద లాభం లేకుండా చేయడం. గిన్నెలకు మూతలు, ఎంగిలి పళ్ళేలు వెంటనే సింకులో నుంచి డిష్‌వాషర్‌లోకి, మందులు డ్రాయరులోకి. ఇదే మన కాలపు ఉట్టి.

రెండవ పని, ఎక్కదగిన మరొక ఎత్తు ఇవ్వడం. వంటగది కనిపించే చోట, వీలైతే కిటికీ పక్కన, గట్టుకంటే ఎత్తైన పిల్లిమంచె ఒకటి కదలకుండా నిలబెట్టాలి. దాని మీద ఒక ఉన్నిగుడ్డ పరిస్తే వెచ్చదనమూ దొరుకుతుంది. కాదన్న చోటుకు బదులు ఔనన్న చోటు లేకపోతే ఏ శిక్షణా నిలవదు.

మూడవ పని బహుమానం. పిల్లి నాలుకకు తీపి తెలియదు. ఆ రుచిని గ్రహించే జన్యువు దానిలో పనిచేయదని 2005లో తేలింది. కనుక మన లడ్డూ ముక్క దానికి బహుమానం కాదు. ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్క కావాలి. శాకాహారుల ఇళ్ళలో దుకాణంలో దొరికే పిల్లి చిరుతిండి వాడవచ్చు. కూన మంచె మీద కాలు పెట్టిన ఒకటి రెండు క్షణాల్లోపే ముక్క అందాలి. ఆలస్యమైతే దేనికి ఇచ్చామో దానికి తెలియదు. భోజనానికి ముందు, రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలు చాలు. కుదిరాక “మంచె” అన్న మాటను జోడించి, మనం వంట చేస్తున్నప్పుడు అక్కడే కూర్చోవడాన్ని అలవాటు చేయాలి.

నాల్గవది, గట్టెక్కినప్పుడు అరవకుండా, మాట్లాడకుండా, మంచె వైపు పిలిచో, నెమ్మదిగా ఎత్తి దించో మళ్ళీ పనిలో పడాలి. గట్టు అంచున కొన్నాళ్ళు రెండువైపులా అంటుకునే టేపు వేయవచ్చు. మనం లేనప్పుడు కూడా అది పనిచేస్తుంది. మిరియాల పొడి, సుగంధ తైలాలు మాత్రం వాడరాదు. చాలా తైలాలు పిల్లికి విషం.

రెండు హెచ్చరికలు. ఎప్పుడూ దొరికే లాభం ఆగిపోయినప్పుడు జంతువు ముందు ఇంకా ఎక్కువగా ప్రయత్నిస్తుంది. మొదటి వారంలో గెంతులు పెరిగితే పద్ధతి విఫలమైందని అనుకోవద్దు. రెండవది, పది సార్లలో ఒక్కసారి దొరికే ముక్క, పదిసార్లూ దొరికే ముక్కకంటే అలవాటును గట్టిగా పాతుతుంది. నాన్న వద్దంటుంటే తాతగారు బల్ల మీద నుంచి ఒక మీగడ చుక్క పెడితే, నెల రోజుల శ్రమ వెనక్కి పోతుంది. కనుక శిక్షణ కూనకు మొదలుపెట్టే ముందు ఇంటిల్లిపాది కూర్చుని ఒక మాట అనుకోవాలి.

ఇంతా చేసినా మనం నిద్రపోయాక పిల్లి ఒకనాడు గట్టెక్కదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే పొద్దున్నే గట్టు తుడిచి కాఫీ పెట్టుకునే అలవాటు మనకూ ఉండాలి. పొయ్యి మీదా, మందుల దగ్గరా, లిల్లీల దగ్గరా ఆ జంతువు క్షేమంగా ఉన్నదంటే శిక్షణ ఫలించినట్టే. పిల్లిని వదిలించుకోవాలా అన్న చర్చ ఆ ఇంట్లో ఇక రాదు.