హ్యాండిలు ఎదురు తిరిగితే

మిరప తోట వాడిపోతోంది. రెండు రోజులుగా కరెంటు లేదు. బావి దగ్గర రేకుల షెడ్డులో పాత ఆయిల్ ఇంజను ఉంది. దాన్ని నడిపే మగవాళ్లు ఊళ్లో లేరు. కోడలు హ్యాండిలు అందుకుంది. గట్టిగా పిడికిలి బిగించింది.

"ఆగవే అమ్మా! అట్లా పడితే చెయ్యి విరుగుద్ది" అంది అత్త. "మీ మామకు మణికట్టు వంకర ఎట్లా వచ్చిందనుకున్నావు?"

అత్త మాట నిజం. ఇంజను తిప్పడానికి బలం ఒక్కటే చాలదు. లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

ఇంజను ఎట్లా అంటుకుంటుంది?

సైకిలు పంపు గబగబా కొడితే దాని అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజనులోనూ అంతే. పిస్టను పైకి వచ్చి గాలిని బాగా నొక్కుతుంది. గాలి మండిపోయేంత వేడెక్కుతుంది. అందులో డీజిల్ తుంపర పడగానే భగ్గుమంటుంది. ఆ మంట పిస్టన్ను కిందికి తోస్తుంది. అగ్గిపుల్లతో పని లేదు. ఈ ఇంజను 1897లో జర్మనీలో మొదటిసారి బాగా నడిచింది. చేసినవాడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరే ఇంజనుకూ, నూనెకూ వచ్చింది.

లివరు ఎందుకు?

నొక్కిన గాలి ఎదురు తన్నుతుంది. అందుకే హ్యాండిలు బరువుగా ఉంటుంది. ఇంజను పైన చిన్న లివరు ఉంటుంది. దాన్ని ఎత్తితే గాలి బయటికి పోతుంది. అప్పుడు హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంది. పక్కనున్న బరువు చక్రం తిరగలి లాగా ఊపు అందుకుంటుంది. బాగా ఊపు వచ్చాక లివరు దించాలి. ఆ ఊపుకు పిస్టను గాలిని నొక్కేస్తుంది. ఇంజను అంటుకుంటుంది.

ఊపు చాలకముందే లివరు దించితే పిస్టను పైదాకా వెళ్లలేదు. అప్పటికే డీజిల్ మండితే పిస్టను వెనక్కి వస్తుంది. హ్యాండిలు ఎదురు తిరుగుతుంది. బొటనవేలు చుట్టి పట్టినవాళ్లు హ్యాండిలు వెంటనే వదల్లేరు. వేలో, మణికట్టో విరుగుతుంది.

అత్త చెప్పిన జాగ్రత్తలు

"ముందు పైట చెంగు బొడ్లో దోపు. జడ ముడి వేసుకో. గాజులు తియ్యి" అంది అత్త. తిరిగే చక్రం, బెల్టు దేన్నయినా లాక్కుంటాయి.

ఇంజనాయిలు, డీజిల్, చల్లార్చే నీళ్లు ఉన్నాయో లేదో చూడాలి. హ్యాండిలుకు జిడ్డు ఉంటే తుడవాలి. షెడ్డు తలుపు తెరిచి ఉంచాలి. మూసిన గదిలో ఇంజను పొగ ప్రాణం తీస్తుంది.

కాళ్లు పొడి నేల మీద నిలదొక్కుకోవాలి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి. ఒకరు తిప్పితే, ఇంకొకరు లివరు దించడం మేలు. ఇంజను అంటుకోగానే హ్యాండిలు బయటికి లాగెయ్యాలి. అంటుకోకపోతే చక్రం పూర్తిగా ఆగాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఒకవేళ దెబ్బ తగిలి చెయ్యి వాస్తే మర్దన చెయ్యకూడదు. చెయ్యి కదలకుండా గుడ్డతో మెడకు వేలాడగట్టి ఆస్పత్రికి వెళ్లాలి.

పాత ట్రాక్టరు కూడా ఇంతే

అమెరికాలో 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల తయారీ మొదలయింది. వాటికీ ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పేవారు. ట్రాక్టరుకు ఇంకో జాగ్రత్త కావాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లేకపోతే ఇంజను అంటుకోగానే బండి తిప్పేవాళ్ల మీదికే వస్తుంది. తర్వాత బ్యాటరీతో నడిచే సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. ఈ బాధ తప్పింది.

కోడలు బొటనవేలు పక్కకు తీసింది. లివరు మీద అత్త చెయ్యి వేసింది. హ్యాండిలు ఒక చుట్టు, రెండు చుట్లు, ఐదు చుట్లు తిరిగింది. చక్రం ఊపందుకుంది.

"ఇప్పుడు దించు అత్తా!"

డుగు డుగుమంటూ ఇంజను అందుకుంది. కాసేపటికి మిరప సాళ్లలోకి నీళ్లు పారాయి.