డ్యాం పక్కనే ఉన్నా నల్లా ఎందుకు ఎండుతుంది?

కరీంనగర్ నుంచి వచ్చిన మనవాళ్లకు ఎల్‌ఎండీ అంటే సాయంత్రం పూట గాలికి వెళ్లే కట్ట. అసలు పేరు దిగువ మానేరు డ్యాం. 1985లో పూర్తయింది. ఊళ్లను ముంచి కట్టారు. నిండితే 24 టీఎంసీలు పడుతుంది. ఇంత నీటిని ఒళ్లో పెట్టుకుని కూడా ఆ పట్టణం చాలా ఏళ్లు రోజు విడిచి రోజు నల్లా కోసం ఎదురుచూసింది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఒక చిన్న నగరానికి నీళ్లివ్వడం అంటే ఏమిటో సగం అర్థమైనట్టే.

మేం ఇంజనీర్లం కాదు. ఇంటర్‌తో చదువు ఆపి, ఇక్కడ క్యాంపు ఆఫీసుల్లో బిల్లులు రాసుకునేవాళ్లం. రోజూ ట్యాంకర్ రసీదులు మా చేతిలోంచే పోతాయి కాబట్టి నీటి లెక్క మీద కాస్త ఆసక్తి పెరిగింది. రండి, ముందు కరీంనగర్ లెక్క వేద్దాం.

2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ కార్పొరేషన్ జనం దాదాపు 2 లక్షల 61 వేలు. మిషన్ భగీరథ పెట్టినప్పుడు అనుకున్న లక్ష్యం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. కరీంనగర్ కార్పొరేషనే గనుక 150 వేసుకుందాం. రోజుకు 3 కోట్ల 90 లక్షల లీటర్లు. ఏడాదికి దగ్గర దగ్గర 1,430 కోట్ల లీటర్లు. వినడానికి గుండె గుభేలుమంటుంది. కానీ ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో 2,830 కోట్లు. అంటే పట్టణం మొత్తం ఏడాది పొడుగునా తాగి, వండుకుని, స్నానాలు చేసి, బట్టలుతికినా అయ్యేది అర టీఎంసీ. 2011 తరువాత పట్టణం పెరిగింది నిజమే. జనం రెండింతలైనా ఒక్క టీఎంసీతో సరిపోతుంది.

డ్యాం నీళ్లు పట్టణానికి మాత్రమే కాదు, కాకతీయ కాలువ మీద ఆధారపడ్డ పొలాలకూ పోవాలి. వానలు లేని ఏడు అడుగు కనిపిస్తుంది. ఎండకు ఆవిరయ్యేది వేరే. అన్నీ ఒప్పుకున్నా, తాగే నీటి వాటా ఆ డ్యాంలో చాలా చిన్నది. కాబట్టి మామూలు ఏడాదిలో నల్లా రాకపోతే నీళ్లు లేవన్న జవాబు చెల్లదు. తప్పు ఎక్కడుందో డ్యాం నుంచి వంటింటి దాకా నడుచుకుంటూ వెతకాల్సిందే.

మొదట నీళ్లు ఫిల్టర్ బెడ్‌కు వస్తాయి. పటిక కలిపితే మట్టి ముద్దకట్టి అడుగుకు చేరుతుంది. పైనీళ్లు ఇసుక పొరల్లోంచి వడకట్టుకుంటాయి. ఆ తరువాత క్లోరిన్. అక్కడి నుంచి పంపులు తోడి ఎత్తైన ట్యాంకులకు ఎక్కిస్తాయి. ఆ ట్యాంకు నుంచి నీళ్లు వాటంతటవే పల్లానికి దిగుతాయి. ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు. మన దగ్గర ఇది ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది.

ఖర్చంతా తోడటంలో ఉంది. వెయ్యి లీటర్లను 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి పంపు, మోటారు నష్టాలు కలుపుకుని సుమారు 0.2 యూనిట్ కరెంటు కావాలి. పైన చెప్పిన 3 కోట్ల 90 లక్షల లీటర్లకు రోజుకు దాదాపు 8 వేల యూనిట్లు. వందలో నలభై లీటర్లు దారిలోనే కారిపోతే రోజుకు 3 వేల యూనిట్లు భూమిలో పోసినట్టు. ఆ డబ్బు పోయాక కొత్త పైపులకు మున్సిపాలిటీ దగ్గర ఏం మిగులుతుంది?

కారేది ఎక్కడ? పెద్ద పైపు పగిలితే రోడ్డు మీద ఫౌంటెన్‌లా లేస్తుంది, పేపర్లో ఫొటో పడుతుంది, సాయంత్రానికి బాగు చేస్తారు. అసలు దొంగ కనపడడు. పెద్ద పైపు నుంచి మన ఇంటికి తీసుకున్న చిన్న కనెక్షన్ ఉంటుంది చూశారా, ఆ అతుకుల దగ్గర, తుప్పు పట్టిన జీఐ పైపుల దగ్గర రాత్రింబవళ్లు చుక్క చుక్కగా పోతూనే ఉంటుంది. ఆ పైపు చాలా చోట్ల మోరీలోంచే పోతుంది. ఇక్కడే జబ్బు మొదలవుతుంది.

నీళ్లు 24 గంటలూ ఒత్తిడితో ఉంటే చిల్లులోంచి బయటికే కారతాయి, బయటి మురికి లోపలికి రాలేదు. వాల్వ్ మూయగానే పైపు ఖాళీ అవుతుంది, లోపల గాలి లాగుతుంది. అప్పుడు మోరీ నీళ్లు అదే చిల్లు గుండా లోపలికి పోతాయి. మర్నాడు వాల్వ్ తిప్పగానే ముందుగా వచ్చే బిందె అదే. ఫిల్టర్ బెడ్‌లో ఎంత బాగా వడకట్టినా లాభం లేదు. వానాకాలంలో కామెర్లు, టైఫాయిడ్, వాంతులు విరేచనాలు ఒకే వాడలో వరుసగా ఇంటింటికీ వస్తే కారణం ఎక్కువసార్లు ఇదే. ఆ ఆస్పత్రి బిల్లు ఎవరు కడుతున్నారో మనకు తెలుసు. ఎక్స్చేంజ్ ముందు శుక్రవారం క్యూలో నిలబడేవాళ్లే.

ఇంకో సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. నల్లాకు నేరుగా మోటారు బిగించే అలవాటు. దుబాయ్ డబ్బుతో మేడ కట్టినవాళ్ల ఇళ్లలో ఇది ఎక్కువ. ఆ మోటారు పైపులోని నీళ్లను బలవంతంగా పీల్చుకుంటుంది. పక్కింటి ముసలమ్మ నల్లా ఎండిపోతుంది. పైగా ఆ పీల్పుడుకు చుట్టుపక్కల ప్రతి చిల్లులోంచీ మురికి వస్తుంది. మోటారు పెట్టిన ఇంటికే అది ముందు చేరుతుంది. నీళ్లు రాక మోటారు పెట్టారు, మోటారు వల్ల ఇంకొకరికి రావు, వాళ్లూ పెడతారు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి మోటారు పట్టుకుపోతే కార్పొరేటర్‌కు ఫోన్ చేసి విడిపించుకునే మగానుభావులూ ఉన్నారు.

దీనికి మందు లేదా అంటే, ఉంది. ఒడిశాలోని పూరీ చూడండి. జగన్నాథుడి ఊరు, జనం రెండు లక్షలకు పైన, యాత్రికులు లెక్కే లేదు. అక్కడ 2021 జూలై 26న 24 గంటలూ నల్లా నుంచే నేరుగా తాగే నీళ్లిచ్చే పథకం మొదలుపెట్టారు. మన దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే అన్నారు. పైపుల మీద, ఇంటింటి కనెక్షన్ల మీద, మీటర్ల మీద పని చేశారు. అన్నిటికంటే మాకు నచ్చింది జలసాథి పద్ధతి. మన పొదుపు సంఘాల్లాంటి మహిళా సంఘాల నుంచి ఆడవాళ్లను తీసుకుని, ఇంటింటికీ వెళ్లి నీటి పరీక్ష చేయడం, మీటరు చూడటం, బిల్లు వసూలు చేయడం వాళ్లకే అప్పగించారు. వసూలులో వాళ్లకు కొంత వాటా. వీధిలో ఎవరి నల్లా పాడైందో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఇంకా గట్టి ఉదాహరణ కంబోడియా రాజధాని నామ్ పెన్. యుద్ధాలతో చితికిపోయిన ఊరు. 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు నీటి సంస్థ బాధ్యత తీసుకునేనాటికి ఊరికి వదిలిన నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. రోజుకు పది గంటలే సరఫరా. ఆయన ఇంటింటికీ మీటరు పెట్టించాడు. దొంగ కనెక్షన్లు తీయించాడు. పెద్దవాళ్లకూ బిల్లు వేశాడు. ఒక సైనికాధికారి ఇంటికి వెళితే తలకు తుపాకీ పెట్టాడట. ఆయన సైనిక పోలీసులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి కనెక్షన్ కోయించి వచ్చాడు. 2010 నాటికి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, నీళ్లు 24 గంటలూ వచ్చాయి. 2006లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. మన దగ్గర తుపాకీ దాకా అక్కర్లేదు, కార్పొరేటర్ ఫోనుకు భయపడకపోతే చాలు.

ఇక మనం ఉన్నచోటు సంగతి. ఇక్కడ నది లేదు, చెరువు లేదు. సముద్రం నీటిలో ఉప్పు తీయాలి. కొత్త పద్ధతిలో కూడా వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు. ఊళ్లో 50 మీటర్లు ఎక్కించడానికి పట్టే 0.2 పక్కన పెట్టి చూడండి. నీళ్లు ఇంత ఖరీదు కాబట్టే కారనివ్వరు. దుబాయ్ విద్యుత్, నీటి సంస్థ 2023లో తన పైపుల్లో నష్టం 5 శాతం లోపే అని ప్రకటించింది.

అయితే ఆ మంచి పైపు క్యాంపు గోడ దగ్గర ఆగిపోతుంది. లోపల భూమిలో ట్యాంకు, మేడ మీద ట్యాంకు క్యాంపువే. పైపు లేని చోట ట్యాంకరే గతి. మా రసీదుల్లో 5 వేల గ్యాలన్ల ట్యాంకర్ అంటే దాదాపు 22,700 లీటర్లు. 400 మంది ఉన్న క్యాంపులో తలకు 57 లీటర్లు కూడా రావు. ఊళ్లో మనిషికి 150 అనుకున్నాం, గుర్తుందా? ఒక క్యాంపులో జూలైలో రెండు రోజులు ట్యాంకర్ రాలేదు. సైటు నుంచి సిమెంటు దుమ్ముతో వచ్చినవాళ్లు తాగే నీళ్ల బాటిల్‌తో మొహం కడుక్కుని పడుకున్నారు. బిల్లు సకాలంలో కట్టలేదన్నది కారణం. కట్టాల్సిన కంపెనీ మేనేజర్ విల్లాలో మాత్రం నల్లా ఆగలేదు.

ట్యాంకులను ఆరు నెలలకోసారైనా ఖాళీ చేసి కడిగించాలి. కడిగిన సంస్థ తేదీ వేసి కాగితం ఇస్తుంది. అది క్యాంపు ఆఫీసు ఫైల్లో ఉండాలి. క్యాంపు బాస్‌ను మర్యాదగా అడగండి, ఒక్కరే కాకుండా నలుగురు కలిసి వెళ్లండి. మేడ మీది ట్యాంకు మూత ఉందో లేదో పైకెక్కి మీరే చూడవచ్చు. మూత లేకపోతే పావురాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు మాటలు అడగండి. మన నల్లా పైపు మోరీలోంచి పోతోందా? నల్లా వచ్చిన మొదటి రెండు నిమిషాల నీళ్లు తాగడానికి పడుతున్నారా? మోటారు నేరుగా నల్లాకే ఉందా? ఉంటే తీసేయమనండి. నేలలో చిన్న సంపు కట్టి, నల్లా నీళ్లు దానంతటవే అందులో పడేలా చేసి, మోటారు సంపులో పెట్టుకుంటే మేడ మీదికి నీళ్లు ఎక్కుతాయి, పక్కింటివాళ్లకూ వస్తాయి. సంపుకు గట్టి మూత, ఏడాదికి రెండుసార్లు కడుగుడు. మేస్త్రీని పిలిచినప్పుడే ఆ మోరీలోని పైపును కూడా పక్కకు మార్పించమనండి. ఒకే తవ్వకంలో రెండు పనులూ అయిపోతాయి.