తడి చేను, పొడి గట్టు, ఎలుక బుట్ట

జంతువు పాదాన్ని పట్టే ఉచ్చును పొడి నేలలో పూడ్చకుండా లోతు తక్కువ నీటి అడుగున అమర్చే పద్ధతిని ఉత్తర అమెరికాలో ‘వాటర్ సెట్’ అంటారు. తెలుగులో నీటి ఉచ్చు అనుకోవచ్చు. 1670లో హడ్సన్స్ బే కంపెనీ ఏర్పడిన నాటి నుంచి బొచ్చు తోళ్ళ వ్యాపారం ఆ ఖండపు చరిత్రనే మలుపులు తిప్పగా, బీవర్, మింక్, మస్క్‌రాట్ వంటి నీటి జంతువులకే కాక ఒడ్డున తిరిగే ఎర్రనక్కకు కూడా అక్కడివారు నీటి ఉచ్చే పెట్టేవారు. చలికాలంలో నేల గడ్డకట్టి అందులోని ఉచ్చు బిగుసుకుపోతుంది గాని ఊటనీరు అంత తేలికగా గడ్డకట్టదు. పైగా మనిషి వాసన తగిలితే చాలు దూరం జరిగే నక్కకు ఆ వాసనను నీరు అందనివ్వదు. ఊటగుంటలో ఒడ్డుకు కొద్ది దూరంలో ఒక రాయి మీద ఎర పెట్టి, ఒడ్డుకూ రాయికీ నడుమ ఉచ్చును నీటిలో ముంచి, దాని మీట మీద అరచేయంత పచ్చిక గడ్డను నీటికి కాస్త పైకి కనిపించేలా ఉంచుతారు. కాలు తడుపుకోవడం ఇష్టం లేని నక్క ఆ పచ్చిక మీదే అడుగు వేస్తుంది. రాతి మీది మాంసం కంటే పొడిగా కనిపించే ఆ అరచేతి చోటే అసలు ఎర.

ఆంధ్రప్రదేశ్‌లోని హనుమాన్ జంక్షన్ పరిసరాల్లో మాత్రం ఈ ఉచ్చుకు చోటు లేదు. ఇక్కడ బొచ్చు తోలుకు బజారు లేదు. సన్నని ఒంటి గుంటనక్క మెట్ట నేలల జంతువు కాగా, జనం మామూలుగా నక్క అనేది అంతకంటే పెద్దదైన మరో జాతి, దానికి నీళ్ళలో దిగి పీతలను పట్టుకోవడం కూడా చేతనవును. అయితే ఆ ఉచ్చు వెనకున్న సూత్రం మాత్రం ఈ ప్రాంతంలో ఏటా పని చేస్తూనే ఉంది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారి మీద ఈ ఊరి నుంచి ఒక దారి నూజివీడు మెట్టకు, మరొకటి గుడివాడ మాగాణికి చీలుతాయి. 1855లో పూర్తయిన ఆనకట్ట, ఆ తరువాత 1957 నాటి ప్రకాశం బ్యారేజీ అందించిన కాలువ నీటితో సార్వాలో మాగాణి వైపు చేలన్నీ నిండినప్పుడు, నేల మీద బతికే జంతువుకు కాలు పెట్టడానికి మిగిలేది గట్టు ఒక్కటే. అమెరికా వేటగాడు చేత్తో తయారు చేసిన పొడి మెట్టును ఇక్కడ వరిచేనే తయారు చేసి పెడుతుంది.

ఆ గట్టు మీద ముందుగా స్థిరపడేది ఎలుక. కృష్ణా, గోదావరి డెల్టాల వరికి ఎక్కువ చేటు చేసే ఎలుక పందికొక్కు జాతిలోనిదే అయినా, ఇళ్ళలో, గోదాముల్లో కనిపించే పెద్ద పందికొక్కు కంటే చిన్నది. ‘పందికొక్కు’ అనే తెలుగు మాటే ఇంగ్లిష్‌లోకి ‘బాండికూట్’గా వెళ్ళి, అక్కడి నుంచి ఏ చుట్టరికమూ లేని ఆస్ట్రేలియా సంచి జంతువులకు పేరయింది; ఎగుమతైన తెలుగు మాటల్లో ఇంత దూరం పోయినవి అరుదు. ఈ ఎలుక గట్టును తొలిచి కలుగు చేసుకుని, తవ్విన మట్టిని మూతి దగ్గర కుప్ప పోస్తుంది. రాత్రి చేలో దిగి పిలకలను ఏటవాలుగా కొరికి పడేస్తుంది, తినేదాని కంటే కొరికి వదిలేదే ఎక్కువ. పొట్ట దశలో కొరికిన పిలక మళ్ళీ వెన్ను తీయదు. మూడు వారాలకు కాస్త అటూ ఇటూగా ఈనే జంతువు కాబట్టి, ఆలస్యంగా మేలుకున్న రైతుకు ఒక కలుగు బదులు గట్టు పొడవునా కలుగులే కనబడతాయి.

దీన్ని పట్టే పనిముట్టును డెల్టాలో బుట్ట అనే పిలుస్తారు, పట్టడంలో పేరు పడినవారు యానాదులు. వెదురు బద్దలతో అల్లిన, మూరెడైనా లేని ఈ సన్నని బుట్టకు విల్లులా వంచిన ఒక వెదురు బద్ద, దాని కొసకు తాడు ఉచ్చు, ఆ ఉచ్చును బిగువుగా ఆపి ఉంచే చిన్న పుల్ల ఉంటాయి. లోపల చల్లిన గింజల కోసం ఎలుక తల దూర్చి పుల్లను కదిలించగానే అది జారిపోతుంది, వంగిన బద్ద ఒక్కసారిగా నిటారవుతుంది, తాడు మెడకు బిగుస్తుంది. ఇనుము లేదు, స్ప్రింగు లేదు. వంగి మళ్ళీ లేచే వెదురు గుణమే దాని బలం. పొద్దు వాలే వేళ పట్టేవాడు గట్టు వెంట నడుస్తూ, తాజా మట్టి, తెగిన పిలకలు, అరిగిన సన్నని జాడ చూసి, ఆ జాడకు ఎదురుగా మూతి వచ్చేలా బుట్టలు పెట్టి, తెల్లవారకముందే తిరిగి ఏరుకుంటాడు. ఎన్ని పెట్టాడన్నది కాదు, ఏ జాడ మీద పెట్టాడన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఆ చూపు ఏ కరపత్రం చదివినా రాదు.

బుట్టకు పోటీ విషపు ఎర. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమాడయోలోన్ మందు 2 పాళ్ళు కలిపి కలుగుల్లో వేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. ఊరంతా ఒకేసారి వేయకపోతే పక్క చేను ఎలుకలు వచ్చి ఖాళీ కలుగుల్లో చేరతాయి. విషం తిన్న ఎలుకను గుడ్లగూబో నక్కో తింటే వాటికీ ముప్పే, బుట్టలో చచ్చిన ఎలుకతో ఆ భయం లేదు. కాకపోతే బుట్టలు పెడుతూ ఎలుకల మూత్రం కలిసిన నీటిలో వట్టి కాళ్ళతో తిరిగే మనిషికి ఎలుక జ్వరం అంటుకోవచ్చు, కాలికి పుండో గాయమో ఉంటే మరీను.

పొడి గట్టు ఎలుకలకే కాదు, వాటిని తినేవాటికీ దారే. ఎలుకల కోసం నక్క, చేపల కోసం బావురుపిల్లి, నీటికుక్క కాలువ గట్లనూ చేపల చెరువుల గట్లనూ పట్టుకుని నడుస్తాయి. నక్క తోక తొక్కితే అదృష్టమని చెప్పుకునే నోళ్ళే కోడి పోయిన నాడు అదే నక్కను తిడతాయి. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ మూడూ రక్షిత జంతువులు. పైగా ఆ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, ఉచ్చు పెట్టి పట్టడం, పట్టబోవడం కూడా. మొదటి షెడ్యూలులో ఉన్న బావురుపిల్లిని పట్టినవారికి 3 నుంచి 7 ఏళ్ళ జైలు శిక్ష పడవచ్చు. గట్టు మీద బిగించిన తీగ ఉచ్చు, వచ్చేది ఏదని చూడకుండా ఏ మెడ దూరితే ఆ మెడను బిగిస్తుంది. ఎలుక బుట్ట మూతిలో నక్క తల పట్టదు. ఐరోపా సమాఖ్య దేశాలు 1995 నుంచి కాలు పట్టే ఇనుప ఉచ్చులను నిషేధించిన కారణాల్లో ఆ నొప్పితో పాటు ఈ విచక్షణ లేమి కూడా ఉంది.

కోతకు ముందు చేలో నీరు తీసేయగానే బుట్టల కాలం ముగుస్తుంది. ఆరిన మడిలో ఎలుక గట్టును అంటిపెట్టుకోనక్కరలేదు. చేను నడుమ కలుగు చేసుకుని ఎటు పడితే అటు తిరుగుతుంది గనక, ఎదురుగా బుట్ట పెట్టడానికి జాడంటూ ఒకటి ఉండదు. అప్పుడు పట్టేవాడు బుట్టలను ఇంటి చూరున వేలాడదీసి, పలుగు పట్టుకుని కలుగులు తవ్వడానికి వెళతాడు, లోపలి గదిలో ఎలుక మోసి దాచుకున్న కంకులు దొరికితే అవి కూడా ఇంటికి వస్తాయి.