అనంతపురం టు బెంగళూరు తిరిగేవాళ్లకు సెకండ్ హ్యాండ్ డీజిల్ ఆటోమేటిక్.. మీటర్ చూసి మోసపోకండి!

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి అనంతపురం బైపాస్ మీద నిలబడి చూడండి. బెంగళూరు వైపు వరసగా కార్లే కార్లు. శని, ఆదివారాలు ఇంట్లో గడిపి మళ్లీ డ్యూటీకి పరిగెత్తేవాళ్లు వీళ్లంతా. ఎన్‌హెచ్ 44 మీద దాదాపు 210 కిలోమీటర్లు. మారూరు టోల్, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్‌బళ్లాపూర్.. దేవనహళ్లి దాకా బండి సాఫీగా పోతుంది. అసలు పరీక్ష హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర మొదలవుతుంది. గంటసేపు క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేసినవాళ్లను అడిగితే ఒకటే మాట చెప్తారు. 'ఈసారి ఆటోమేటిక్కే!'

కొత్త డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొనాలంటే జేబు గట్టిగా ఉండాలి. అందుకే అందరి చూపూ సెకండ్ హ్యాండ్ మీద. సరిగ్గా ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తున్నారు. మా బాబాయ్ కూడా అదే చేశారు.

ఆయన బెంగళూరులో ఒక బీఎస్6 డీజిల్ ఆటోమేటిక్ కొన్నారు. "ఇరవై ఎనిమిది వేలే తిరిగిండాది, కొత్త బండి మాదిరే" అని ఇంటిల్లిపాదికీ మీటర్ ఫొటో పంపారు. నిజమే, మీటర్‌లో మోసం లేదు. పాత ఓనర్ ఇంటికీ ఆఫీసుకీ మధ్య నాలుగు కిలోమీటర్లు. నాలుగేళ్లూ ఎక్కువగా అలాంటి చిన్న దూరాలే, అదీ ట్రాఫిక్‌లో. కొన్న మూడో వారంలో డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగింది. అదే డీపీఎఫ్ వార్నింగ్.

తక్కువ తిరిగిన బండే ఎందుకు ప్రమాదం?

డీపీఎఫ్ అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 రూల్స్ వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో ఇది మామూలైపోయింది. దీని పని పొగలో ఉండే మసిని పట్టుకోవడం. పట్టుకున్న మసి నిండాక దాన్ని కాల్చేయాలి కదా.. అందుకు ఇంజిన్ కొంచెం ఎక్కువ డీజిల్ వదిలి ఫిల్టర్‌ను దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఇది పూర్తి కావాలంటే బండి ఓ 15-20 నిమిషాలు ఆగకుండా మంచి స్పీడ్‌లో పోవాలి. మన హైవే మీద పోయే కారుకు ఇది దానంతట అదే జరిగిపోతుంది, డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు.

సిటీలో నాలుగు కిలోమీటర్లకే ఆపేసే కారుకు మాత్రం ఈ పని ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. మసి పేరుకుంటుంది. అంతటితో అయిపోదు. కాలకుండా మిగిలిన డీజిల్ కొంచెం కొంచెంగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, ఆ పలచటి ఆయిల్‌తోనే టర్బో తిరుగుతుంది. అందుకే డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ పైగీత దాటి ఉంటే "ఫుల్‌గా ఉంది" అని సంబరపడకండి. వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే ఆ కారు సంగతి మీకు అర్థమైనట్టే.

సూటిగా చెప్పాలంటే.. హైవే మీద 1,10,000 కిలోమీటర్లు తిరిగి, ప్రతి సర్వీసుకీ బిల్లు ఉన్న ఐదేళ్ల డీజిల్ కారు, సిటీలో 28,000 తిరిగిన అదే కారు కంటే మన వాడకానికి మంచిది కావచ్చు. ధర కూడా తక్కువే ఉంటుంది. మీటర్ మీద లక్ష కనిపించగానే వెనక్కి తిరిగేవాళ్లు ఎక్కువ కాబట్టి బేరం ఆడేందుకు మీకే చాన్స్.

ఇంకో చిన్న టెస్ట్. డీపీఎఫ్ ఉన్న కారు సైలెన్సర్ కొసలో వేలు పెట్టి తుడవండి (బండి చల్లగా ఉన్నప్పుడు మాత్రమే!). వేలికి పెద్దగా మసి అంటకూడదు. కాటుకలా నల్లగా అంటిందంటే ఫిల్టర్ పగిలిపోయి ఉండాలి, లేదా ఎవరో తీసి పారేసి ఉండాలి. ఫిల్టర్ కొత్తది వేయించాలంటే చాలా మోడళ్లకు ఒక కొత్త బైక్ కొన్నంత ఖర్చు.

అసలు మీకు డీజిల్ అవసరమా?

ముందు ఈ లెక్క వేసుకోండి. అనంతపురం నుంచి పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. రానూపోనూ 140 కిలోమీటర్లు అనుకుంటే నెలకు 25 రోజులకు 3,500 కిలోమీటర్లు. హైవే మీద డీజిల్ ఆటోమేటిక్ లీటరుకు 18, పెట్రోల్ ఆటోమేటిక్ 14 ఇస్తాయనుకుందాం. డీజిల్ లీటరు 97, పెట్రోల్ 110 రూపాయలు వేసుకుంటే డీజిల్‌కు నెలకు సుమారు 18,900, పెట్రోల్‌కు 27,500. నెలకు 8,600 తేడా, ఏడాదికి లక్ష పైనే. వీళ్లకు డీజిల్ కళ్లు మూసుకుని కొనొచ్చు. వారానికోసారి బెంగళూరు పోయి వచ్చేవాళ్లకు నెలకు 1,800 కిలోమీటర్ల దాకా వస్తుంది. తేడా 4,400 దగ్గర ఆగుతుంది. ఇదీ పర్వాలేదు. కానీ నెలకోసారి బెంగళూరు, మిగతా రోజులు సప్తగిరి సర్కిల్, టవర్ క్లాక్, పిల్లల స్కూలు.. ఇలాంటి వాడకమైతే డీజిల్ వద్దు. పైన చెప్పిన బెంగళూరు ఓనర్ కథే మళ్లీ మీ ఇంట్లో మొదలవుతుంది. పెట్రోల్ ఆటోమేటిక్ చూసుకోండి.

కర్ణాటకలో డీజిల్ ధర మనకంటే తక్కువ అన్న సంగతి ఈ రూట్‌లో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. బోర్డర్ దాటాక బంకుల దగ్గర ఏపీ బండ్ల క్యూ చూస్తేనే తెలుస్తుంది.

ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కాదు

బండి మీద 'ఆటోమేటిక్' అని ఉంటే చాలు కొనేస్తున్నారు. లోపల నాలుగు రకాలు ఉన్నాయి, నాలుగింటి జాతకాలూ వేరు.

మొదటిది ఏఎంటీ. ఇది నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేర్ మార్చడం మన బదులు ఒక మోటార్ చేస్తుంది, అంతే. 2017-20 మధ్య వచ్చిన మారుతీ డిజైర్ డీజిల్, 2018 తర్వాతి బ్రెజా డీజిల్, టాటా నెక్సాన్ డీజిల్‌లలో ఉన్నది ఇదే. గేర్ మారేటప్పుడు తల ఊపినట్టు చిన్న కుదుపు ఉంటుంది. హైవే మీద పోతూ ఉంటే అదేం పెద్ద సమస్య కాదు, లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం ఒక క్షణం ఆలోచిస్తుంది. రిపేర్ ఖర్చు మిగతావాటితో పోలిస్తే తక్కువ. బీఎస్6 రాగానే మారుతీ డీజిల్ ఇంజిన్లు ఆపేసింది కాబట్టి ఆ మారుతీ కార్లన్నీ 2020 ఏప్రిల్‌కు ముందువే. అంటే పైన చెప్పిన మసి ఫిల్టర్ గొడవ వీటికి పెద్దగా ఉండదు, కానీ వయసు ఉంటుంది.

రెండోది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ప్లేట్ బదులు ఆయిల్ ఉంటుంది. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, సోనెట్ డీజిల్ ఆటోమేటిక్‌లు, టొయోటా ఇన్నోవా క్రిస్టా ఇవే. ట్రాఫిక్‌లో మెత్తగా పోతాయి, ఎండకు తట్టుకుంటాయి. మా ఓటు దీనికే. ఒకటే షరతు.. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. "దీనికి లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటారు. మన ఎండల్లో రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ మాట నమ్మొద్దు. లక్ష దాటినా ఒక్కసారి కూడా మార్చలేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

అన్నట్టు, సెల్టోస్, సోనెట్ తయారయ్యేది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే. 2019లో సెల్టోస్‌తోనే ఆ ప్లాంట్ మొదలైంది. మన రోడ్డు పక్కన పుట్టి, బెంగళూరులో నాలుగేళ్లు తిరిగి, కేఏ నంబర్‌తో సెకండ్ హ్యాండ్‌లో మళ్లీ మన ఊరికే వస్తున్నాయి!

మూడోది డ్యూయల్ క్లచ్. ఫోక్స్‌వ్యాగన్ వెంటో, స్కోడా ర్యాపిడ్ పాత డీజిల్‌లలో డీఎస్‌జీ పేరుతో వచ్చింది. హైవే మీద నడిపితే అసలు దిగబుద్ధి కాదు. కానీ వీటిలో ఉన్నది డ్రై క్లచ్. ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, రిపేర్ వస్తే బిల్లు గుండె ఆగేలా ఉంటుంది. హెబ్బాళ దాటి సిటీ లోపలికి పోయేవాళ్లు ధర తక్కువని వీటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. నాలుగోది సీవీటీ. డీజిల్‌లో ఇది 2018 హోండా అమేజ్‌లో వచ్చింది. నెమ్మదస్తులకు బాగుంటుంది.

వాన లేని ఊరికి వరద కారు

అనంతపురం అంటేనే కరువు. అందుకే ఇక్కడ కారు కొనేవాళ్లకు వరద అన్న ఆలోచనే రాదు. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్ వైపు కార్లు నీళ్లలో తేలిన వీడియోలు చూసే ఉంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అలా మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోవు. కడిగి, పాలిష్ కొట్టి, వాన ఊసే లేని ఊళ్లో అమ్మితే ఎవరు అనుమానిస్తారు? ఆటోమేటిక్‌లో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, కాబట్టి నీళ్లు తగిలితే నష్టమూ ఎక్కువే. ఆరు నెలల తర్వాత బయటపడుతుంది.

సీట్ బెల్ట్ చివరిదాకా బయటికి లాగండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే దొరికిపోతుంది. సీట్ల కింద పట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, కార్పెట్ కింద ముక్క వాసన.. ఇవీ చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు అడగండి. చెప్పడానికి నసిగితే వదిలేయండి.

ఇక లోకల్‌గా తిరిగిన బండి అయితే వేరే సమస్య. బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూడండి. ఆకుపచ్చో ఎరుపో రంగు నీళ్లు ఉండాలి. తెల్లటి సున్నం పొర, తుప్పు రంగు కనిపిస్తే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చారన్నమాట. మన బోరు నీళ్లు బిందెనే గట్టిపరుస్తాయి, రేడియేటర్‌ను వదులుతాయా? 40 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని పోయే బండికి ఇది మొదటి దెబ్బ.

టైర్ల మీద నాలుగంకెల నంబర్ ఉంటుంది. 1821 అంటే 2021లో 18వ వారం తయారైంది అని. గాడులు బాగున్నా సరే, ఆరేళ్లు దాటిన టైరుతో మే నెలలో హైవే ఎక్కొద్దు. ఫోర్ లేన్ మీద కార్లకు లిమిట్ గంటకు 100 కిలోమీటర్లు. ఆ స్పీడ్‌లో టైరు పేలితే ఏమవుతుందో వేరే చెప్పాలా..

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. డీజిల్ ఇంజిన్ బండారం చల్లగా స్టార్ట్ అయ్యేటప్పుడే తెలుస్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. బ్రేక్ మీద కాలు ఉంచి 'డీ'లోకి, 'ఆర్'లోకి మార్చి చూడండి. రెండు సెకన్లు ఆలస్యంగా ధబ్‌మని పడితే గేర్‌బాక్స్ అలసిపోయింది.

తర్వాత వీధి చివరిదాకా తిప్పి తెచ్చేయడం కాదు. టవర్ క్లాక్ ట్రాఫిక్‌లో ఒక పది నిమిషాలు, అక్కడి నుంచి హైవే ఎక్కి మారూరు టోల్ వైపు పోయి వెనక్కి. బండి బాగా వేడెక్కాక మళ్లీ ట్రాఫిక్‌లోకి తీసుకురండి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉన్న గేర్‌బాక్స్ వేడిలో కుదుపులు ఇస్తే అదే దాని అసలు రూపం. ఇంత దూరం ఇవ్వనంటే ఆ బండి మీకొద్దు.

కేఏ నంబర్ బండి అయితే..

కర్ణాటక ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఓనర్ మార్పుకు ఫారం 29, 30, లోన్ ఉండి ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అప్పుడు ఏపీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి ఎంత పడుతుందో ముందే కనుక్కుని ధరలో కలిపి చూసుకోండి. బెంగళూరులో చవగ్గా అనిపించిన కారు ఇక్కడికొచ్చేసరికి లోకల్ బండి రేటే అయిన సందర్భాలు బోలెడు. ఇన్సూరెన్స్‌ను కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్చుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ఫాస్టాగ్ సంగతి అందరూ మర్చిపోతారు. పాత ట్యాగ్ క్లోజ్ చేయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి. రెగ్యులర్‌గా తిరిగేవాళ్లు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ చూడొచ్చు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. పాత ట్యాగ్ అలాగే ఉంటే మీరు టోల్ దాటిన ప్రతిసారీ డబ్బులు కట్ అయ్యేది పాత ఓనర్ అకౌంట్‌లోంచి. ఆయన ఫోన్ చేసేలోపే ఆ పని కానిచ్చేయండి.