ఆనకట్ట కింద నీళ్లు ఏం చేస్తాయి?

డ్యామ్ అనగానే మనకు నిండిన జలాశయమూ, ఎత్తిన గేట్లూ గుర్తొస్తాయి. కానీ దాన్ని నిలబెట్టేది కంటికి కనిపించని పునాది. ఆ పునాదిని భూగర్భ జలం రెండు విధాలుగా దెబ్బతీస్తుంది.

మొదటిది ఒత్తిడి: 10 మీటర్ల లోతు నీరు చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి కలిగిస్తుంది. ఆ నీరు రాతి పగుళ్లలో చేరి కట్టడాన్ని కింది నుంచి పైకి నెడుతుంది. అందుకే రాతిలో రంధ్రాలు వేసి సిమెంటు పాలు ఎక్కిస్తారు. దీన్నే గ్రౌటింగ్ అంటారు. పునాది ఇసుక మీద ఉంటే మరో ప్రమాదం. చెరువు కట్టకు బుంగ పడినట్టే, ఊట నీరు ఇసుకను మోసుకుపోతుంది. 2023 అక్టోబర్ 21న గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీ 7వ బ్లాకు పియర్లు కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం కారణాల్లో ఒకటని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు పేర్కొన్నారు.

రెండోది రసాయన చర్య: బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పట్టడం మనమంతా చూసినదే. అది నీరు భూమిలో కరిగించి తెచ్చిన ఖనిజం. మన బొల్లారం కింద ఉన్న గ్రానైటు చాలా నెమ్మదిగా మారుతుంది. జిప్సం అలా కాదు, నీటిలో కరిగి గుహలవుతుంది. ఇరాక్‌లో టైగ్రిస్ నదిపై మోసుల్ డ్యామ్ జిప్సం పొరలున్న నేల మీద ఉంది. అక్కడ 1986 నుంచి గ్రౌటింగ్ చేస్తూనే ఉన్నారు. 2014 ఆగస్టులో యుద్ధం వల్ల ఆ పని ఆగితే, దిగువనున్న లక్షలాది ప్రజల ప్రాణాల గురించి ఆందోళన మొదలైంది.

నీటిలోని సల్ఫేట్లు సిమెంటుతో కలిసి ఉబ్బే స్ఫటికాలుగా మారి కాంక్రీటును పగులగొడతాయి. భూగర్భ జలంలో సల్ఫేటు లీటరుకు 0.3 గ్రాములు (సల్ఫర్ ట్రయాక్సైడ్ లెక్కన) దాటితే తగిన జాగ్రత్తలు తీసుకోవాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. క్లోరైడ్లు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. పరిశ్రమల వ్యర్థాలతో పటాన్‌చెరు, బొల్లారం భూగర్భ జలాలు పాడైన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఇక్కడ ఇల్లు కట్టినా, వాటర్ ట్యాంకు కట్టినా ముందు నీటి పరీక్ష చేయించాలి.

ఊట నీరు తేటగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. బురదగా వస్తే మట్టి పోతున్నట్టు. తేటగా ఉన్నా, జలాశయం నీటికంటే అందులో సల్ఫేటు, కాల్షియం ఎక్కువగా ఉంటే లోపల ఏదో కరుగుతున్నట్టు. రక్తపరీక్షతో రోగం తెలిసినట్టు, ఊట పరీక్షతో పునాది సంగతి తెలుస్తుంది.

తమ్ముళ్లారా, కెమిస్ట్రీ పరీక్షగదితో అయిపోయే పాఠం కాదు. ఒక సీసాడు ఊట నీళ్లను సక్రమంగా పరీక్షించేవాడు దిగువనున్న ఊళ్లను కాపాడగలడు.