బ్రాందీ షాపు మీద పంచాయతీ మాట ఎంతవరకు చెల్లుతుంది?

నెల్లూరు జిల్లా ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒక బ్రాందీ షాపు వల్ల వీధికి ఇబ్బందిగా ఉందనుకుందాం. పొద్దుగూకేసరికి గుంపులు చేరతాయి. బండ్లు రోడ్డుకడ్డంగా ఆగుతాయి. పక్కింటి అరుగు మీదే సీసా మూత తీస్తారు. ఉదయగిరివాళ్ళు సర్పంచ్ దగ్గరికి వెళతారు, ఆత్మకూరువాళ్ళు మున్సిపల్ కౌన్సిలర్ దగ్గరికి. కానీ ఆ షాపుకు లైసెన్సు ఇచ్చింది వాళ్ళు కాదు. రద్దు చేసే అధికారమూ వాళ్ళకు లేదు.

మద్యం లైసెన్సు 1968 నాటి ఎక్సైజు చట్టం కింద రాష్ట్ర ఎక్సైజు శాఖ ఇస్తుంది. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళపాటు ప్రభుత్వమే షాపులు నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువాళ్ళకు అప్పగించింది. 3,396 షాపులను లాటరీ తీసి రెండేళ్ళకు కేటాయించారు. నోటిఫికేషన్‌లో మండలమో పట్టణమో ఉంటుంది తప్ప వీధి పేరు ఉండదు. ఎక్కడ గది అద్దెకు తీసుకోవాలన్నది లాటరీ తగిలినవాళ్ళ ఇష్టం. అధికారులు వచ్చి దూరం కొలిచి వెళతారు. గ్రామసభను ఎవరూ అడగరు.

ఆ కొలత సంగతి కాస్త వివరంగా చూడాలి. గుడికి, బడికి, ఆసుపత్రికి షాపు 100 మీటర్ల దూరంలో ఉండాలన్నది నిబంధన. అయితే టేపును తిన్నగా పట్టి కొలవరు. షాపు గుమ్మం నడిమధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, బడి గేటు నడిమధ్య దాకా కొలుస్తారు. కాబట్టి షాపు బడి వెనకగోడను ఆనుకుని ఉన్నా, గేటు అవతలి వీధిలో ఉండి చుట్టుదారి 100 మీటర్లు దాటితే నిబంధన పాటించినట్టే! ‘బడి పక్కనే ఉంది’ అని రాసిన అర్జీ ఇక్కడే నీరుగారిపోతుంది. నడిచి కొలిచిన అంకె రాస్తే అధికారి దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

రహదారుల విషయం ఇంకో తీరు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మార్చిలో, 20,000 లోపు జనాభా ఉన్న చోట దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో మున్సిపాలిటీల లోపలి షాపులకు ఇది వర్తించదని వివరణ ఇచ్చింది. అందుకే 67వ నంబరు జాతీయ రహదారి మీదున్నా, ఆత్మకూరు పట్టణంలోని షాపులను ఆ తీర్పు చూపి కదిలించలేరు.

ఇక బెల్టుషాపు (లైసెన్సు లేకుండా ఊళ్ళో అమ్మే చోటు). మండల కేంద్రంలోని షాపు నుంచి సీసాలు మోటారుసైకిలు మీద పల్లెకు చేరి, ఏ చిల్లరకొట్టులోనో పైరేటుకు అమ్ముడవుతాయి. లైసెన్సుదారుకు అమ్మకం పెరుగుతుంది, కొట్టువాడికి పది రూపాయలు మిగులుతాయి. వాళ్ళిద్దరికీ లాభమున్నంత కాలం ఒక కొట్టు మూస్తే పక్కవీధిలో ఇంకోటి తెరుస్తారు. దీన్ని కట్టడి చేయాలంటే సరుకు ఏ షాపుదో తేలాలి. సీసా మూత మీద అతికించే ఎక్సైజు లేబులు అందుకు పనికొస్తుంది. డిపో నుంచి అది ఏ షాపుకు వెళ్ళిందో శాఖ లెక్కల్లో చూడవచ్చు. ఖాళీ సీసా అయినా దాచి పెట్టుకోవడం మంచిది.

ఈ ప్రాంతానికి మద్యం మీద పోరాటం కొత్త కాదు. ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో 1991లో ఆడవాళ్ళు సారాను అడ్డుకున్నారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. అక్షరదీపం (వయోజన విద్యా ఉద్యమం) రాత్రిబడుల వాచకంలో ఆ కథ పాఠమైంది, ఊరూరా పాకింది. అప్పట్లో కాంట్రాక్టర్లు వేలంపాటలో సారా హక్కులు పాడుకునేవాళ్ళు. ఊరికి తన కొట్టును మూయించుకునే చట్టబద్ధమైన దారి ఏదీ లేదు. దాంతో ఆడవాళ్ళు వేలంపాటకే అడ్డం తిరిగారు. నెల్లూరులో పాట పలుమార్లు వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఒక్క కొట్టును మూసే ఏర్పాటు లేకపోవడం వల్లే పోరాటం అన్నీ మూయించేదాకా సాగిందని నా అభిప్రాయం. నిషేధం సడలినప్పుడు కూడా ఊరి చేతికి ఆ ఏర్పాటు రాలేదు.

వేరేచోట్ల అలాంటి ఏర్పాటు ఉంది. మహారాష్ట్రలో మహిళా ఓటర్లలో పావువంతు మంది కోరితే రహస్య ఓటింగు జరుపుతారు. సగానికి మించి వద్దంటే షాపు మూతే. రాజస్థాన్‌లోని కాచ్ఛబలి పంచాయతీ 2016లో ఇలాంటి ఓటుతోనే మూయించుకుంది. ఇంగ్లండులో షాపు వల్ల ఇబ్బంది పడేవాళ్ళు లైసెన్సును పునఃపరిశీలించమని స్థానిక కౌన్సిల్‌ను అడగవచ్చు. కౌన్సిల్ వేళలు తగ్గించవచ్చు, మూడు నెలల దాకా ఆపవచ్చు, రద్దూ చేయవచ్చు. మన దేశంలో షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు మద్యం నియంత్రణలో పాత్ర ఇచ్చింది 1996 నాటి పెసా చట్టం. ఉదయగిరి, ఆత్మకూరు ఆ పరిధిలో లేవు.

మరి ఇప్పుడు ఇక్కడ ఏం మిగిలింది? రోడ్డును, కాలువను ఆక్రమించిన మెట్లూ రేకులూ తీయించడం పంచాయతీ, మున్సిపాలిటీల పనే. దానికి ఎక్సైజు శాఖను అడగక్కర్లేదు. దారిన పోయేవాళ్ళకు ఇబ్బందైతే తహసీల్దారు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో, దాన్ని తొలగించమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. గ్రామసభ తీర్మానం ఎక్సైజు శాఖను కట్టిపడేయదు. అయినా తేదీతో, కొలతతో, సంతకాలతో పంపితే ఫైల్లో ఉంటుంది. రెండేళ్ళ గడువు తీరి కొత్త నోటిఫికేషన్‌కు కసరత్తు మొదలుకాకముందే పంపాలి. లాటరీ అయిపోయి, గది అద్దెకు తీసుకున్నాక పంపితే షాపును కదిలించడం చాలా కష్టం.