కూలినా విరగని విమానం

విమానం మన దగ్గర్నుంచి దూరంగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీద స్టిక్‌ని కుడికి నొక్కితే కుడికి తిరుగుతుంది, ఎడమకి నొక్కితే ఎడమకి. చిక్కల్లా అది వెనుదిరిగి మనవైపు వస్తున్నప్పుడే. ఎదురుగా నిల్చున్న మనిషి కుడిచెయ్యి మన ఎడమవైపు ఉన్నట్టే, విమానం కుడి ఎడమలూ తారుమారవుతాయి. అది మన ఎడమవైపు జారుతుంటే చెయ్యి తనంతట తనే స్టిక్‌ని కుడికి నొక్కేస్తుంది. విమానం ఇంకా ఎడమకే ఒరుగుతుంది. కంగారులో మరింత గట్టిగా నొక్కుతాం. అంతే... రెండు సెకన్లలో నేల!

రేడియో కంట్రోల్ విమానాల సరదా ఉన్నవాళ్లలో ఈ ముచ్చట తీరనివాళ్లు అరుదు. నా మొదటి విమానమూ అలాగే పోయింది. థర్మకోల్ లాంటి షీటుతో నలభై రోజులు కూర్చుని చేసుకున్నది. ఎండిన చెరువులో పొద్దున్నే ఎగరేస్తే మొదటి మలుపు బ్రహ్మాండంగా తిరిగింది. రెండో మలుపు తిరిగి ఎదురొచ్చింది. మోటారు, ముక్కు, ఒక రెక్క... అన్నీ పోయాయి. గొర్రెలు కాస్తున్న పెద్దాయన దగ్గరికొచ్చి ముక్కలు చూసి, ‘మళ్ల లేస్తదా బిడ్డా?’ అనడిగాడు.

విచిత్రమేంటంటే, అప్పటికి రెండు వారాలుగా నేను కంప్యూటర్లో రోజూ విమానం ఎగరేస్తున్నాను. కూలకుండా దింపగలుగుతున్నానన్న ధీమా కూడా ఉంది. కాకపోతే ఎగరేసింది కీబోర్డు మీటలతో!

కాక్‌పిట్ కాదు, గట్టు మీద

ఫ్లైట్ సిమ్యులేటర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆట. అందులో మనం విమానం లోపల కూర్చుంటాం. మోడల్ విమానాల సిమ్యులేటర్ అలా కాదు. మనం మైదానంలో ఒకచోట నిల్చుని ఉంటాం, విమానం మన చుట్టూ తిరుగుతుంది. కుడి ఎడమల తారుమారు సమస్యంతా ఆ నిల్చునే చోటులోనే ఉంది కాబట్టి, కాక్‌పిట్‌లో వంద గంటలు కూర్చున్నా అది వదలదు.

అసలు నేల మీదే విమానం నేర్పాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో ఇలాంటి శిక్షణ యంత్రం తయారుచేశాడు. వాళ్లది ఆర్గన్ వాయిద్యాల ఫ్యాక్టరీ. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులనే వాడి బొమ్మ విమానాన్ని అటూ ఇటూ ఊపాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1934లో ఉత్తరాల రవాణా మీద పడ్డ సైనిక పైలట్లు వరసగా ప్రమాదాల్లో చనిపోయాక, అమెరికా సైన్యం ఆరు యంత్రాలు కొంది. మన సరదాలో పోయేది విమానమే కాబట్టి కొంత నయం. అయినా తిరుగుతున్న ప్రొపెల్లర్‌తో కిలో బరువు ఎవరి మీదైనా పడితే సరదా కాదు.

ఏది ఎలాంటిది?

2000ల్లో ఈ సరదాలోకి వచ్చిన చాలామందికి తొలి గురువు జర్మనీ నుంచి వచ్చిన ఎఫ్‌ఎంఎస్. ఉచితం. ఇంట్లోనే కేబుల్ అతుక్కుని, ట్రాన్స్‌మిటర్‌ని కంప్యూటర్‌కి తగిలించుకునేవాళ్లు. చవకరకం యూఎస్‌బీ కంట్రోలర్లతో పాటు దాని సీడీ వచ్చేది. అభిమానులు తయారుచేసిన మోడళ్లకు లెక్కే లేదు. బొమ్మలు నాసిరకం, గాలి కూడా నాసిరకమే. వేగం తగ్గించి ముక్కు పైకెత్తినా రెక్క తటాలున కూలేది కాదు. విండోస్ విస్టా నుంచీ అందులో ఒక ఫైలు విడిగా తెచ్చి పెట్టుకుంటే గానీ నడవలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకి నేనైతే చెప్పను.

ఉచితంగానే కావాలంటే సీఆర్‌ఆర్‌సీసిమ్, పికాసిమ్ ఉన్నాయి. మొదటిది అమెరికాలోని ఒక మోడల్ విమానాల క్లబ్బు పేరు పెట్టుకున్న ప్రోగ్రాం. దాని లోపలి లెక్కల మూలం నాసా లాంగ్లీ కేంద్రంలో రాసిన ప్రోగ్రామే. చూడ్డానికి బీదగా ఉంటుంది కానీ గాలిని బాగా నమ్మిస్తుంది. పికాసిమ్ మొదట్లో కొండవాలు గాలి మీద తేలే గ్లైడర్ల కోసం పుట్టింది. ఇంజన్ లేకుండా గాలిని చదవడం ఏమిటో తెలియాలంటే దాన్ని మించింది నాకు కనబడలేదు.

డబ్బు పెట్టగలిగితే రియల్‌ఫ్లైట్. అమెరికాది, 1990ల చివర్నుంచీ ఉంది. కంట్రోలర్‌తో కలిపి మన దగ్గరికి చేరేసరికి పదివేలకు పైమాటే. ఎదురుగాలి, పక్కగాలి, సుడులు మనకి కావలసినట్టు పెట్టుకోవచ్చు. ఆర్డుపైలట్ అనే ఉచిత ఆటోపైలట్ ప్రోగ్రాముని నిజం విమానంలో పెట్టేముందు రియల్‌ఫ్లైట్‌కి జోడించి పరీక్షించుకునే వీలు కూడా ఉందంటే, దాని లెక్కల మీద నిపుణులకున్న నమ్మకం తెలుస్తుంది. జర్మనీ వాళ్ల ఏరోఫ్లై ఆర్‌సీ దృశ్యాల్లో దీనికి ఏమాత్రం తీసిపోదు. బ్రిటన్ నుంచి వచ్చిన ఫీనిక్స్‌లో కచ్చితంగా ఒకేచోట దింపడం లాంటి విడి పాఠాలుండేవి. పాపం, దాని అమ్మకం ఆగిపోయింది.

మరి ఏది కొనాలి? కొనేముందు ప్రయత్నించే అవకాశం దొరికితే ఒక చిన్న పని చేయండి. శిక్షణ విమానాన్ని బాగా పైకి తీసుకెళ్లి, మోటారు ఆపి, స్టిక్‌ని మెల్లగా వెనక్కి లాగుతూ పోండి. వేగం చచ్చాక ముక్కో, ఒక రెక్కో కిందికి పడిపోవాలి. ఎండుటాకులా తేలుతూ దిగితే అది మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే. నేలకి దగ్గర్లో నెమ్మదిగా మలుపు తిప్పుతూ కూల్చుకునేది ఈ పాఠం రానివాళ్లే. తర్వాత పక్కగాలి పెట్టి దింపి చూడండి. స్టిక్ కదిపిన క్షణానికి, తెర మీద కదలికకి మధ్య ఆలస్యం తెలుస్తోందా గమనించండి. ఆలస్యం ఉంటే, అలవాటయ్యేది ఆ ఆలస్యమే.

కానీ కుడి ఎడమల తారుమారు ఒక్కటే మీ బాధ అయితే, పదివేలదీ ఉచితందీ ఒకటే. అక్కడ తేడా తెచ్చేది బొమ్మలు కాదు, చేతిలో ఏముందన్నది. మైదానంలో పట్టుకునే ట్రాన్స్‌మిటరే ఇంట్లోనూ పట్టుకోవాలి. ఈమధ్య వచ్చేవాటిలో చాలా వాటికి నేరుగా యూఎస్‌బీ తీగ పెట్టేయొచ్చు. పాతవాటికి వెనక ట్రైనర్ పోర్ట్ ఉంటుంది. ఎదురొస్తున్న విమానానికి ఏ రెక్క కిందికి వాలితే ఆ వైపే స్టిక్ నొక్కాలి, వాలిన రెక్క లేస్తుంది. చిట్కా ఇంతే. ఇది బుర్రకి నిమిషంలో అర్థమవుతుంది, బొటనవేలికే నెలలు పడుతుంది. కీబోర్డు మీటలు నేర్చుకున్నది నా చూపుడువేలు. మైదానంలో దాని అవసరమే రాలేదు.

తెర దాచేది

ఎంత ఖరీదైనదైనా తెర మీద లోతు ఉండదు. మీటరున్నర రెక్కల విమానం 150 మీటర్ల దూరంలో ఉంటే, 1920 చుక్కల వెడల్పున్న తెర మీద పదిహేను, ఇరవై చుక్కల పొడుగే కనబడుతుంది. ఎటు తిరిగి ఉందో తెలియదు. అందుకే చాలా సిమ్యులేటర్లు విమానం దూరం పోయేకొద్దీ దృశ్యాన్ని దగ్గరికి లాగుతాయి. కొత్తలో ఇది మంచిదే. అలవాటు పడ్డామా, నిజం విమానాన్ని కూడా అలాగే దూరంగా వదిలేస్తాం. అక్కడ మాత్రం ఎవరూ దగ్గరికి లాగరు. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల్లో మోడల్ విమానమంటేనే కంటిచూపు మేరలో ఎగిరేది. మొదటి వారం తర్వాత ఆ సదుపాయం ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

ఎగరేసే ముందు చేసుకోవాల్సిన పనులూ సిమ్యులేటర్ నేర్పదు. దాంట్లో విమానం ఎప్పుడూ సరిగ్గానే తూగుతుంది. మన విమానం తోక బరువై ఉండొచ్చు. ఎల్రాన్ సర్వో తిరగేసి పనిచేస్తుండొచ్చు. స్టిక్ కుడికి నొక్కితే కుడి రెక్క అంచు పైకి లేస్తోందా లేదా అని నేల మీదే చూసుకోవాలి. గాల్లోకి లేచాక చూసుకుంటే, నేర్చుకున్నదేదీ అక్కరకు రాదు. పైగా ఇంట్లో ఒక మీట నొక్కితే కొత్త విమానం పుడుతుంది. అందుకే ఇంట్లో మోకాళ్లు వణకవు.

రెండో విమానానికి ముందు నేను కేబుల్ కొని, రెండు నెలలు రోజూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. జెట్లు, విన్యాసాలు ముట్టుకోలేదు. పైన రెక్కలున్న నిదానమైన శిక్షణ విమానాన్నే ఎదురు రప్పించుకుంటూ, దింపుకుంటూ గడిపాను. మళ్లీ అదే చెరువుకి వెళ్లాం. రెండో మలుపు తిరిగి ఎదురొస్తుంటే గాలి తోసింది, ఎడమ పక్క రెక్క వాలింది. వేలు ఎడమకే వెళ్లింది. నేను చెప్పకుండానే! దిగేటప్పుడు తుమ్మకంపలో ఇరుక్కుందనుకోండి, అది వేరే కథ. ఆ విమానం ఇప్పటికీ అటక మీదుంది. రెక్క మీద మూడు అతుకులతో.